వెళ్తాలే అంది నెర్మిన్ ఆంటీ

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. గోడకి అవతల ఒక మనిషి పడిపోయి ఉంటే, ఇవతల నేను ఏమీ తెలియకుండా పిల్లకి అన్నం తినిపిస్తూ కూర్చోవడం.

ఉషాకి సరిగ్గా అదే జరిగింది.

నార్త్ కరొలినాలో క్యారీ. ఏప్రిల్ నెల. శనివారం మధ్యాహ్నం 1:25.

ఉషా కూతురు నైనికకి పెరుగన్నం పెడుతోంది. నైనికకి రెండున్నరేళ్ళు. ఒక్కో ముద్దకి ఒక్కో పేచీ. భర్త అవినాష్ క్లయింట్ పని మీద ఫ్రిస్కో వెళ్ళి నాలుగు రోజులైంది.

డోర్‌బెల్ మోగింది.

గుమ్మంలో మనీషా. అదే కమ్యూనిటీలో ఉండే అమ్మాయి. ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, ఇక్కడే ఉద్యోగం చేస్తోంది. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. ప్రతి ఆదివారం ఉషా పక్కింట్లో ఉండే నెర్మిన్ ఆంటీ దగ్గర టర్కిష్ నేర్చుకుంటుంది.

"అక్కా, నెర్మిన్ ఆంటీ ఎక్కడ?"

"న్యూజెర్సీలో వాళ్ళక్క దగ్గరికి వెళ్ళిందిగా. నిన్ననే."

మనీషా మొహంలో రంగు పోయింది.

"నాకిప్పుడు ఫోన్ చేసింది ఆ అక్కే. నిన్నటి నుంచి ఆంటీ ఫోన్ ఎత్తట్లేదంట. నా దగ్గర స్పేర్ కీ ఉంది కదా, తీసి చూశాను. ఇంట్లో ఎవరూ లేరు. పెద్ద సూట్‌కేస్ కూడా లేదు."

ఉషా ముద్ద కంచంలో పడేసి, ఎడమచేత్తో ఫోన్ తీసి పోలీసులని పిలిచింది.

2:10కి డిటెక్టివ్ రష్మి కారు వచ్చి ఆగింది.

రష్మికి ముప్ఫై రెండేళ్ళు. ఐదు నెలల బాబుని ఇంట్లో వదిలి డ్యూటీలో చేరి రెండు వారాలు. రాత్రి నిద్ర మొత్తం కలిపితే రెండు గంటలు, అదీ ముక్కలుగా. కప్‌హోల్డర్‌లో పొద్దున కొన్న కాఫీ అలాగే చల్లారిపోయింది. కారు దిగి, ఒక్క క్షణం తలుపుకి ఆనుకుని నిలబడి, అప్పుడు నడిచింది.

"మేడమ్, మీరు తెలుగువాళ్ళా?" అంది ఉషా.

"సగం ఛార్జ్ ఉన్న తెలుగు అండి. మాట్లాడతాను. చదవడం రాదు. నెర్మిన్ గురించి చెప్పండి. షార్ట్‌గా."

ఉషా చెప్పింది. నెర్మిన్‌కి అరవై నాలుగు. భర్త పోయాడు, పిల్లల్లేరు. గోడ కలిసిన ఈ పక్క టౌన్‌హౌస్‌లో ఆరేళ్ళుగా అద్దెకి ఉంటోంది. ఉషా పార్ట్‌టైమ్ పనికి వెళ్ళే మూడు రోజులూ పొద్దున పూట నైనికని చూసుకునేది ఆవిడే. కారు లేదు. షుగర్ ఉంది.

"న్యూజెర్సీ వెళ్ళిందని మీకు ఎవరు చెప్పారు?"

"తనే మెసేజ్ పెట్టింది. బుధవారం రాత్రి. తను టర్కిష్‌లో రాస్తుంది, నేను ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసుకుంటా. ఇదిగో."

స్క్రీన్ మీద ఇంగ్లీష్‌లో స్పష్టంగా ఉంది. శుక్రవారం నేను మా అక్క దగ్గరికి వెళ్తాను.

మనీషా పక్కనుంచి తొంగిచూసింది. "టర్కిష్‌లో ఏముందో చూపించు అక్కా."

చూసింది. పెదవి కొరుక్కుంది.

"'గిదెరిమ్' అని రాసింది. 'గిదెజెయిమ్' అని కాదు."

"తేడా ఏంటి?" అంది రష్మి.

"గిదెజెయిమ్ అంటే డిసైడ్ అయిపోయినట్టు. టికెట్ కొనేశాను, బ్యాగ్ సర్దేశాను, అలా. గిదెరిమ్ అంటే... అక్కా, మీ ఆయన వాకింగ్ గురించి ఎలా చెప్తారు?"

"'వెళ్తాలే' అంటారు."

"వెళ్తారా?"

"రెండేళ్ళ నుంచీ అంటున్నారు."

"ఆ వెళ్తాలే ఇది. మూడ్ ఉంటే వెళ్తా, లేకపోతే లేదు. ఆంటీ నాకు ఇదే లెసన్ మూడు ఆదివారాలు చెప్పింది. ఖాయం కానిదాన్ని ఖాయంగా చెప్పకూడదు, దేవుడు నవ్వుతాడు అంటుంది. యాప్‌కి ఇవన్నీ తెలియవు. రెండిటికీ ఒకటే ఇంగ్లీష్ ఇస్తుంది."

రష్మి అక్కడే నిలబడి నెర్మిన్ అక్కకి ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెద్దావిడ టర్కిష్‌లో గబగబా మాట్లాడింది. మనీషా తెలుగులో చెప్పింది.

"వస్తాలే అందంట. వస్తున్నాను అనలేదంట. అందుకే నిన్న ఈవిడ ఎయిర్‌పోర్ట్‌కి కూడా వెళ్ళలేదు."

అంటే అక్కడ ఎదురు చూసేవాళ్ళు లేరు. ఇక్కడ వెతికేవాళ్ళు లేరు. మధ్యలో ఒక మనిషి మాయం.

2:25. మనీషా తాళంతో రష్మి పక్కింట్లోకి వెళ్ళింది.

ఇల్లు అద్దంలా ఉంది. అదే నచ్చలేదు రష్మికి.

కిచెన్ గట్టు మీద ఒక్క వస్తువు లేదు. ఫ్రిజ్ తలుపు మీద నైనిక గీసిన బొమ్మ లేదు. టేప్ మరక మాత్రం ఉంది. ఒకదాని మీద ఒకటి కూర్చునే రెండంతస్తుల టీ కెటిల్, పొయ్యి మీద నుంచి ఎన్నడూ దిగనిది, సింక్ కింద పాత గుడ్డల పక్కన దొరికింది.

"ఆంటీ దీన్ని ఇక్కడ పెట్టదు," అంది మనీషా. "చచ్చినా పెట్టదు." అన్నాక నాలుక కరుచుకుంది.

పై బెడ్‌రూమ్. దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. బట్టలు పెట్టుకునే చిన్న గది, క్లోజెట్, తలుపు తీస్తే లాండ్రీ బుట్టలు, దిండ్లు, అట్టపెట్టెలు గుమ్మం దాకా కుక్కి ఉన్నాయి. మనిషి నిలబడే చోటు కూడా లేదు. రష్మి తలుపు మూసింది.

కింద కోట్లు పెట్టే అలమరలో, ఒక బుట్ట అడుగున నెర్మిన్ హ్యాండ్‌బ్యాగ్. పర్స్ ఉంది. ఐడీ ఉంది. ఫోన్ లేదు. వారం రోజుల గళ్ళున్న మాత్రల డబ్బా ఉంది.

గురువారం రాత్రి గడి ఖాళీ. శుక్రవారం పొద్దున గడి ఖాళీ. శుక్రవారం రాత్రి గడిలో మాత్ర అలాగే ఉంది.

"షుగర్ మాత్ర లేకుండా న్యూజెర్సీ ఎవరూ వెళ్ళరు," అంది రష్మి. ఆమె గొంతులో అలసట ఇంకా ఉంది, కానీ మాట వేగం పెరిగింది. "నిన్న పొద్దున బాగానే ఉంది. రాత్రికి లేదు. మధ్యలో ఏం జరిగిందో కావాలి. ఈ ఇంటి ఓనర్ ఎవరు?"

"జగన్మోహన్ గారు. మన వరుసలోనే చివరి ఇల్లు," అంది మనీషా.

రష్మి ఆయనకి ఫోన్ చేసింది. చుట్టుపక్కల నడక దారులు వెతకమని ఇద్దరు ఆఫీసర్లని పంపింది. పెరటి తలుపు చూసింది. లోపల నుంచే గడియ. బయట గచ్చు చేసిన చిన్న పేషియో, చుట్టూ నిలువెత్తు చెక్క ఫెన్స్. ఉషా పేషియోకీ దీనికీ మధ్య మాత్రం నడుము ఎత్తు అడ్డం.

3:20. ఉషా ఇంటి వంటగది. మనీషా ముందు గదిలో నైనికని ఆడిస్తోంది.

ఉషా టీ పెట్టింది. చేతులు ఊరికే ఉండలేక పెట్టింది.

"నిన్నంతా ఆంటీకి ఒక్క ఫోన్ కూడా చేయలేదా?" అడిగింది రష్మి.

ఉషా తల దించుకుంది.

"కోపం వచ్చిందనుకున్నా మేడమ్. ఆగస్ట్ నుంచి నైనికని ప్రీస్కూల్‌లో వేస్తామని బుధవారం చెప్పాను. మొహం చిన్నబుచ్చుకుంది. ఆ సాయంత్రం పులిహోర చేసి ఇచ్చొచ్చాను. నిన్న మధ్యాహ్నం బాక్స్ తిరిగొచ్చింది. ఖాళీగా."

"ఖాళీగా వస్తే?"

"మనవాళ్ళు గిన్నె ఖాళీగా తిరిగివ్వరు కదా. ఏమీ లేకపోతే చెంచాడు పంచదారైనా వేస్తారు. ఆంటీ వాళ్ళకీ అదే ఆచారమట. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఖాళీగా పంపలేదు. ఎండు ఆప్రికాట్లు, వాల్‌నట్లు, ఏమీ లేనప్పుడు రెండు నిమ్మకాయలు. నిన్న తళతళ కడిగి, ఉత్తది పెట్టింది. నా మీద అంత కోపమా అని నాకూ రోషం వచ్చింది. ఫోన్ చేయలేదు."

రష్మి కప్పు కింద పెట్టింది.

"ఎన్నింటికి?"

"11:50కి పేషియోలో బట్టలు ఆరేశాను. అప్పుడు లేదు. నైనికని పడుకోబెట్టి 12:40కి వెళ్తే అడ్డం మీద ఉంది."

"పేషియోలోనా? ముందు గుమ్మం దగ్గర కాదా?"

"మేం ఎప్పుడూ పెరటి వైపే ఇచ్చుకుంటాం."

"బాక్స్ తీసుకురండి."

స్టీల్ బాక్స్. బోర్లించి అడుగు చూసింది రష్మి. చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు.

"ఇక్కడ ఏం రాసుంది? నాకు రాదు."

"చిలసౌ ఉష అని. పెళ్ళికి మా పెద్దమ్మ పెట్టింది."

రష్మి బాక్స్‌ని మళ్ళీ నిలబెట్టి టేబుల్ మధ్యలో పెట్టింది. అక్షరాలు కిందికి పోయాయి.

"మీరు ఇంక మాట్లాడకండి. నేను అడిగినప్పుడే."

మనీషాని లోపలికి పిలిచి అడిగింది. "ఈ బాక్స్ ఎవరిది?"

"ఆంటీదే కదా? వాళ్ళ డిష్ ర్యాక్‌లో చూశాను చాలాసార్లు."

"నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నావ్?"

"ఆఫీస్‌లో. బ్యాడ్జ్ రికార్డ్ ఉంటుంది, చెక్ చేసుకోండి."

3:34. జగన్మోహన్ వచ్చాడు. నలభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, గడ్డం మాత్రం నాలుగు రోజులది. భార్యకి ట్రాయ్‌లో ఉద్యోగం. పాప కూడా అక్కడే. ఆయన ఇక్కడ ఒక్కడే ఉంటాడు.

"నువ్వా అమ్మా డిటెక్టివ్? మన పిల్లలు పోలీసుల్లో కూడా చేరుతున్నారా! ఇంట్లో ఏమీ అనలేదా?"

"మా అమ్మ ఇంకా నేను మెడిసిన్ చదువుతున్నాననే చెప్తోంది అందరికీ. కూర్చోండి అంకుల్. నెర్మిన్‌ని ఎప్పుడు చూశారు?"

"పోయిన ఆదివారం."

"ఊరు వెళ్తుందని తెలుసా?"

"ఉషా గారే చెప్పారు. గురువారం వాకింగ్‌లో."

ఉషా కళ్ళు మూసుకుంది. అవును. తనే చెప్పింది. రేపు ఆంటీ వెళ్తోంది అని, ఖాయంగా.

"నిన్న మీరు ఎక్కడున్నారు?"

"ఆఫీస్‌లో. పొద్దున్నుంచి మీటింగులు."

"నెర్మిన్ ఇంట్లోకి వెళ్ళారా?"

"లేదమ్మా. టెనెంట్‌కి చెప్పకుండా ఎలా వెళ్తాను? లీజ్ ఉంది."

"ఇల్లు అమ్మే ఆలోచన ఉందా?"

"చూద్దాం. మార్కెట్ బాగుంటే... ఇంకా ఏమీ అనుకోలేదు."

రష్మి ఆవలింత ఆపుకుంది. వేలితో బాక్స్‌ని మెల్లగా ఆయన వైపు జరిపింది.

"ఇది నెర్మిన్‌దేనా? ఎవిడెన్స్‌గా తీసుకెళ్ళాలి."

"అది ఉషా గారిదమ్మా. కింద పేరు చెక్కి ఉంది కదా."

రష్మి బాక్స్ మీద నుంచి వేలు తీసింది.

"బాక్స్ మీరు ముట్టుకోలేదు అంకుల్. కింద పేరుందని ఎలా తెలుసు?"

"అంటే... మనవాళ్ళ గిన్నెల మీద పేర్లు ఉంటాయి కదా."

"మా ఇంట్లో గిన్నెల మీద లేవు. మా అమ్మ అన్నీ ఇక్కడే కొంది. మళ్ళీ అడుగుతాను. ఆవిడకి షుగర్ ఉంది. మాత్ర వేసుకుని ముప్ఫై గంటలు దాటింది. మీకు ఏ ప్రాబ్లమ్ ఉన్నా తర్వాత చూసుకుందాం. నిన్న ఆ ఇంట్లో ఏం చేశారు?"

జగన్మోహన్ చొక్కా చేతి బొత్తాం పట్టుకుని తిప్పాడు. ఒకసారి. రెండుసార్లు.

"ఫోటోలు," అన్నాడు. "అమ్మకానికి పెట్టడానికి ఫోటోలు తీయించాలి. ఆవిడ ఊళ్ళో లేదు కదా అని... ఫోటోగ్రాఫర్ ఒంటిగంటకి వస్తానన్నాడు. నేను పదకొండుకి వెళ్ళి ఇల్లు సర్దాను. ఎదురుపడ్డ సామాన్లన్నీ, ఏమిటో కూడా చూడకుండా, బుట్టల్లో వేసి అలమరల్లో పెట్టేశాను."

"ఆఫీస్?"

"ఉద్యోగం లేదమ్మా." బొత్తాం వదిలేశాడు. "లేఆఫ్ అయి ఇరవై తొమ్మిది రోజులు. వీసాకి అరవై రోజులే టైం, ఆలోగా ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం వదలాలి. మా ఆవిడకి కూడా చెప్పలేదు. పోలీసు కంప్లయింట్ ఏదైనా వస్తే రేపు ఎవరు ఉద్యోగం ఇస్తారని భయమేసింది. ఆవిడకి నేనేమీ చేయలేదు. ఒట్టు."

"బెడ్‌రూమ్ క్లోజెట్‌లో సామాన్లు కుక్కింది మీరేనా?"

"నేనే."

"కుక్కేముందు అందులో ఏముంది?"

"ఏముంది... బట్టలు. నేల మీద చోటు లేదు. సీలింగ్ పైన యాటిక్‌కి ఎక్కే మడత మెట్లు కిందికి వేలాడుతూ ఉన్నాయి, వాటిని పైకి మడిచి..."

ఆయన తలెత్తి సీలింగ్ వైపు చూశాడు.

రష్మి అప్పటికే లేచింది.

"పిలిచారా? మెట్లు మడిచేముందు పైకి చూసి ఒక్కసారైనా పిలిచారా?"

"ఊరెళ్ళిపోయిందనుకున్నాను..."

ఉషా నైనికని చంకనేసుకుంది. మనీషా తాళంతో పక్కింటి ముందు గుమ్మం వైపు పరుగెత్తింది. రష్మి రేడియోలో అంబులెన్స్ అడుగుతూనే మెట్లెక్కింది. క్లోజెట్‌లోంచి బుట్టలు, దిండ్లు, పెట్టెలు బెడ్‌రూమ్‌లోకి విసిరేశారు. పైన సీలింగ్‌లో తెల్ల పలక. దాని తాడు కనిపించకుండా పైకి దోపి ఉంది. రష్మి కుర్చీ ఎక్కి గోళ్ళతో లాగింది.

మెట్లు దిగాయి. పైనుంచి వేడి గాలి మొహానికి కొట్టింది.

3:52.

యాటిక్‌లో పలకలు పరిచిన చోటు కొంచెమే. ఆ చివర పెద్ద సూట్‌కేస్, సగం తెరిచి ఉంది. దాని పక్కన, వేడి ఆపడానికి పరిచే గులాబీ రంగు ఇన్సులేషన్ దూదిలో, నెర్మిన్. ఒక కాలు దూలాల మధ్య ఇరుక్కుని ఉంది. పెదాలు పగిలి ఉన్నాయి. ఆప్రన్ జేబులో చచ్చిపోయిన ఫోన్.

రష్మి మెడ దగ్గర వేళ్ళు పెట్టింది. ఒకటి. రెండు. మూడు.

"బతికే ఉంది!"

కింద ఉషా నైనికని గట్టిగా హత్తుకుంది.

నెర్మిన్ కళ్ళు తెరిచింది. ఎదురుగా ఉన్న కొత్త మొహాన్ని చూసింది. ఏదో అంది. మెట్ల మీద నుంచి మనీషా ఏడుస్తూనే చెప్పింది. "'నీ కళ్ళ కింద నల్లగా ఉంది, నిద్రపోవట్లేదా' అంటోంది."

రష్మికి నవ్వొచ్చింది. వెంటనే కన్నీళ్ళొచ్చాయి. వాటిని తుడుచుకునే తీరిక లేదు.

4:30కి అంబులెన్స్ వెళ్ళిపోయింది. మనీషా ఆంటీ చెయ్యి పట్టుకుని దాంట్లోనే ఎక్కింది. డ్రైవ్‌వేలో రష్మి, ఉషా మిగిలారు. అంబులెన్స్ కోసం బయటికొచ్చిన ఇరుగు పొరుగు అడ్డదిడ్డంగా నిలబడ్డారు. జగన్మోహన్ కాలిబాట అంచున తల పట్టుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన ఎవరూ లేరు.

"ఆ ఖాళీ బాక్సులో ఏం కనిపించింది మేడమ్ మీకు?" అంది ఉషా. "నాకు కోపం కనిపించింది."

"మా అమ్మమ్మ కూడా గిన్నె ఖాళీగా ఇచ్చేది కాదు. ఆరేళ్ళు అలవాటున్న చెయ్యి ఒక్క రోజులో మారదు. కోపం వస్తే అసలు బాక్సే తిరిగివ్వరు. కడిగి, ఉత్తది పెట్టారంటే అది ఆవిడ చెయ్యి కాదు. మరి ఎవరు? ఫెన్స్ దాటి బయటివాళ్ళు రాలేరు. నెర్మిన్ ఇంట్లోంచే రావాలి, తర్వాత లోపలికెళ్ళి గడియ పెట్టాలి. అంటే తాళం ఉన్నవాళ్ళు. ఆవిడ కాకుండా ఇద్దరే. బాక్స్ మీదని మనీషాకి తెలియదు, తెలుగు చదవడం రాదు. చదవగలిగేవాళ్ళు ఒక్కరే మిగిలారు."

"ఆయన ఎందుకు తిరిగిచ్చినట్టు?"

"కిచెన్ గట్టు ఖాళీ చేయాలి కదా, ఫోటోకి. ఎవరి గిన్నె వాళ్ళకి చేర్చాలనే మంచి అలవాటు ఒకటి ఉంది. సగం అలవాటే, అందులో ఏదైనా వేసివ్వాలని తట్టలేదు. పాపం."

నెర్మిన్ పైకి ఎందుకెక్కిందో కూడా తెలిసింది. సూట్‌కేస్ జిప్ పనిచేస్తుందో లేదో చూడటానికి. పనిచేస్తే వెళ్దాం, లేకపోతే మానేద్దాం అనుకుందట. పలక దాటి కాలేసింది. తలకి దెబ్బ తగిలి స్పృహ పోయింది. లేచేసరికి చీకటి, ఫోన్‌లో ఛార్జ్ అయిపోయింది. కింద దారి మూసి ఉంది. చేతికందిన చెక్కతో గోడ మీద కొట్టింది.

ఉషా తమ ఇంటి గోడ వైపు చూసింది. "నిన్న సాయంత్రం నేను విన్నాను మేడమ్. టక్ టక్ మని. ఉడతలు అనుకున్నాను. నైనికకి ఉడతల కథ చెప్పాను."

రష్మి దగ్గరికి జరిగింది. ఉషా భుజం మీద చెయ్యి వేసి, ఉంచింది. తర్వాత ఫోన్ చూసుకుంది. ఇంటి నుంచి ఆరు మిస్డ్ కాల్స్. బాబు పాలకి ఏడుస్తూ ఉంటాడు. ఆమె జగన్మోహన్ దగ్గరికి నడిచింది.

"మీరు చెప్పిన అబద్ధం నా రిపోర్ట్‌లో ఉంటుంది అంకుల్. నిజం చెప్పారని కూడా ఉంటుంది. మీ ఆవిడకి ఫోన్ చేయండి. ఈరోజే."

"చేస్తానమ్మా," అన్నాడాయన.

ఇది జరిగి మూడు వారాలు. నెర్మిన్‌కి తుంటి ఆపరేషన్ అయింది. రిహాబ్‌లో వాకర్ పట్టుకుని నడుస్తోంది. నర్సులతో పోట్లాడి టీ తనే కాచుకుంటోంది. ఉషా రోజూ వెళ్తోంది. అక్క న్యూజెర్సీ నుంచి వచ్చి దగ్గరుంది. ఆవిడ గురించి ఇక బెంగ లేదు.

నా బెంగ ఇంకొకరి గురించి. కమ్యూనిటీ వాట్సాప్ గ్రూప్‌లో జగన్మోహన్‌ని అందరూ తలో మాట అన్నారు. తర్వాత మాట్లాడటమే మానేశారు. ఆయన ఇంటి కిటికీల బ్లైండ్స్ పగలు కూడా మూసే ఉంటున్నాయి. రెండు వారాలుగా చెత్త బిన్ బయటికి రాలేదు. ఆయన అరవై రోజుల్లో ఇక పదే మిగిలాయి. భార్యకి చెప్పాడో లేదో ఎవరికీ తెలియదు. రష్మి ఒకసారి వెళ్ళింది. సందులోంచి "బానే ఉన్నానమ్మా" అని తలుపు వేసేశాడట. ఉషా రెండుసార్లు ఆ గుమ్మం దాకా వెళ్ళి, తలుపు కొట్టడానికి చెయ్యి రాక వెనక్కొచ్చేసింది.

మీరు ఆ చుట్టుపక్కల ఉంటే ఒక సాయం చేయండి. ఆ వరుసలో చివరి ఇల్లు, నీలం తలుపు. వెళ్ళి కొట్టండి. ఊరెళ్ళి ఉంటాడులే అనుకోకండి. ఆయన తలుపు తీసి, మిమ్మల్ని లోపలికి రమ్మనేదాకా అక్కడే నిలబడండి.